ఒంటరిగా గుట్టలెక్కేవాళ్ల అపోహలు: ఎక్కే దారి కాదు, దిగే దారి చూసి ఎంచుకోండి

"అన్నా, యూట్యూబ్‌ల చూసిన, ఈజీ రూటే అంట. ఒక్కణ్నే పోయొస్తా, ఏమైతది?"

భువనగిరి చుట్టుపక్కల బండల మీద క్లైంబింగ్ నేర్పుతుంటాను కాబట్టి ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే నల్లగొండ, పాలమూరు గుట్టల వైపు వచ్చే పిల్లలు. కొందరు సహ్యాద్రికో హిమాలయాలకో సోలో ట్రిప్ అనుకుని, ముందు ఇక్కడ చేయి అలవాటు చేసుకుందామని వస్తారు. మంచి ఆలోచనే. ఒంటరిగా పోవద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ ఏ గుట్ట, ఏ దారి, ఏ కాలం అని ఎంచుకునే దగ్గర పదే పదే అవే పొరపాట్లు చూస్తున్నాను. అందులో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ఎక్కగలిగితే దిగగలం

వాస్తవం: చాలామంది ఇరుక్కుపోయేది ఎక్కలేక కాదు, దిగలేక.

ఎక్కేటప్పుడు పట్టు కళ్లముందు ఉంటుంది. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ పోతాం. దిగేటప్పుడు కాలు పెట్టాల్సిన చోటు మన కడుపు చాటున ఉంటుంది. వెతుక్కుంటూ కాలు కిందికి జార్చాలి, అప్పటిదాకా బరువంతా చేతుల మీదే. ఇది ఏ దేశంలో ఏ కొండకైనా ఉన్నదే.

మన గ్రానైట్ గుట్టలతో ఇంకో చిక్కుంది. వీటి పైపొరలు ఉల్లిగడ్డ పొరల్లా విడిపోతూ ఉంటాయి, అందుకే బండ గుండ్రంగా తేలుతుంది. అడుగున నిటారుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వాలు తగ్గుతుంది. మొదటి ఇరవై అడుగులు కష్టపడితే తర్వాత నడిచినట్టే పోవచ్చు. కాబట్టి పైకి పోతున్నకొద్దీ ధైర్యం పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో అదంతా తలకిందులవుతుంది. ఒక్కో అడుగుకు వాలు పెరుగుతుంది, బండ వంపు తిరిగిన చోట కింది భాగం అసలే కనపడదు. పొద్దున ఏ చీలిక పట్టుకుని వచ్చారో ఆ చీలిక పైనుంచి చూస్తే గుర్తుపట్టలేరు. ఫోన్‌లో జీపీఎస్ గీత ఉందిగా అంటారు. ఆ గీత కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. నేల మీద ఆ తేడా లెక్కలోది కాదు. బండ మీద రెండు మీటర్లు పక్కకు జరిగితే అది వేరే దారి, ఒక్కోసారి దారే కాదు.

దీనికి భయం తోడైతే మనిషి బండను కరుచుకుంటాడు. ఒళ్లు బండకు ఆనించినకొద్దీ పాదాల మీద బరువు తగ్గి, చెప్పు జారుతుంది. జారకుండా ఉండాలంటే నడుము వెనక్కి తీసి, బరువు పాదాల మీద పడేలా నిలబడాలి. ఇది చెప్తే వచ్చేది కాదు. కింద, మనిషెత్తు దాటని చోట, పది పదిహేను సార్లు చేస్తేనే కాళ్లకు నమ్మకం వస్తుంది.

రాచకొండ వైపు ఒక గుట్ట వెనక నుంచి ఎక్కిన పిల్లవాణ్ని దించడానికి ఒక వేసవి మధ్యాహ్నం తాళ్లు పట్టుకుని పోయాం. వెతకడానికే చాలా సేపు పట్టింది. వంపు తిరిగే చోట కూర్చుని ఉన్నాడు. వట్టి కాళ్లయితే పట్టు బాగుంటుందని ఎవరో చెప్తే బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఎండకు బండ కాలి అరికాళ్లు బొబ్బలెక్కాయి. కుడిచేత్తో పగుల్లో మొలిచిన గడ్డి దుబ్బును పట్టుకున్నాడు. దాని వేర్లు సగం బయటికొచ్చి ఉన్నాయి. నడుముకు తాడు కట్టాక కూడా ఆ గడ్డిని వదల్లేదు. వేలు వేలు మెల్లగా విప్పాల్సొచ్చింది. కిందికొచ్చి నీళ్లు తాగాక అన్నాడు: "ఎక్కేటప్పుడు ఐదు నిమిషాలు పట్టలేదన్నా." అతనిది పొగరు కాదు. దిగడం గురించి అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే సోలో దారి ఎంచుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, దిగేది ఎటునుంచి అని. దేవరకొండ, కోయిలకొండ లాంటి కోట గుట్టల్లో మెట్ల దారి ఉంది. బండ మీదుగా ఎక్కి మెట్ల మీదుగా దిగొచ్చు. కాకపోతే ముందు ఒకసారి మెట్లదారినే ఎక్కి దిగి చూసుకోవాలి. రిడ్జ్ వాక్ (కొండ వెన్ను మీదుగా నడిచే దారి) అయితే కష్టమైన చోటు మొదట్లోనే వచ్చేది ఎంచుకోండి, కాదనుకుంటే నేలకు దగ్గర్లోనే వెనక్కి తిరగొచ్చు. ఆ చోటు చివర్లో ఉన్న రిడ్జ్ ఒంటరివాడికి పనికిరాదు. అప్పటికి కాళ్లు అలిసి ఉంటాయి, వెనక్కి పోవాలంటే అదంతా మళ్లీ నడవాలి. మధ్యలో పక్కకు దిగిపోయే దారులు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి. బండ మీద ప్రతి కొద్ది అడుగులకు ఆగి, వెనక్కి తిరిగి, దిగేవాడి కళ్లతో ఒకసారి చూడండి. అనుమానంగా ఉంటే అక్కడే రెండు అడుగులు దిగి మళ్లీ ఎక్కండి. కాలు వణికితే ఆ రోజుకు ఆ దారి చాలు.

నాసిక్ దగ్గరి హరిహర్ కోట ఫోటోలు పంపి అడిగేవాళ్లకూ ఇదే జవాబు. నిటారుగా చెక్కిన ఆ మెట్ల మీదే ఎక్కాలి, ఆ మెట్ల మీదే దిగాలి. వానాకాలం శని, ఆదివారాల్లో ఎదురుగా వచ్చే జనంతో కలిసి దిగాలి. సోలోగా పోయేది అయితే వానలు తగ్గాక, మామూలు రోజున, పొద్దున్నే పోండి.

అపోహ: గ్రేడ్ 1 అంటే తేలిక

ఈ స్క్రాంబ్లింగ్ (కాళ్లతో పాటు చేతులూ వాడి బండలెక్కడం) గ్రేడ్లు బ్రిటన్ నుంచి వచ్చినవి. వేల్స్‌లోని క్రిబ్ గోఖ్ రిడ్జ్ కూడా గ్రేడ్ 1. దాని అంచు కత్తిలా ఉంటుంది, రెండు పక్కలా లోయ, అక్కడ చనిపోయినవాళ్లూ ఉన్నారు. కదలికలు ఎంత కష్టమో గ్రేడ్ చెప్తుంది. జారితే ఎక్కడ ఆగుతారో చెప్పదు. పైగా ఆ గ్రేడ్ పొడిగా ఉన్న రోజుకు ఇచ్చింది. మన గుట్టలకైతే ఆ గ్రేడూ లేదు, ఎవరో వీడియో కింద రాసిన మాటే. బండ మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, నీళ్లు పారిన జాడలు. ఎండితే పరవాలేదు, రెండు చినుకులు పడితే నిలబడలేరు. పొర లేచినట్టున్న రాయి మీద బరువు వేసే ముందు పిడికిలితో కొట్టి చూడండి, డొల్లగా మోగితే ముట్టుకోవద్దు.

అపోహ: పదమూడేళ్ల పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, నేను ఈ గుట్ట ఎక్కలేనా?

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లు నేర్చుకోవడం మొదలుపెట్టింది ఈ భువనగిరి బండ మీదే, అందుకు మాకు గర్వం. కానీ వాళ్లు తాడుతో, పక్కన కోచ్‌తో నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. వాళ్లు ఒంటరిగా పోలేదు. వాళ్ల పేరు చెప్పి తాడు ముట్టని పిల్లలు బండ మీదికి పోతుంటే నాకు కోపమొస్తుంది.

అపోహ: గుట్ట మీద భయపడాల్సింది పాములకే

చాలా పాములు మన అడుగుల చప్పుడుకే తప్పుకుంటాయి. నేను భయపడేది కొండ తేనెటీగలకు. ముందుకు పొడుచుకొచ్చిన బండల కింద వేలాడే ఆ పెద్ద పట్టులను కదిలిస్తే గుంపుగా వెంటపడతాయి. నేల మీదైతే మొహం కప్పుకుని పరుగెత్తొచ్చు. బండ మధ్యలో ఎటు పరుగెత్తుతారు? ఎక్కే ముందే కింద నిలబడి, ఆ చూర్ల కింద నల్లగా వేలాడేది ఏదైనా ఉందా అని చూడండి. ఉంటే ఆ వైపు వద్దు. సెంటు కొట్టుకుని రావద్దు, పొగ పెట్టొద్దు. ఇక రాళ్ల సందుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు తిరుగుతాయి. సూర్యోదయం ఫోటో కోసం చీకట్లో ఒంటరిగా బయలుదేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: వాన వస్తే బండ చాటున దూరితే చాలు

వానకు చాలు, పిడుగుకు చాలదు. పిడుగు గుట్ట మీద పడితే కరెంటు బండ పైనుంచి, పగుళ్లలోంచి పారుతుంది. పొడుచుకొచ్చిన బండ కింద కూర్చున్న మనిషి మీదుగా దూకగలదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్ముతాయి. పిడుగుల హెచ్చరిక ఇచ్చే 'దామిని' యాప్ పెట్టుకోండి. ఉరుము వినబడిందంటే రిడ్జ్ దిగడం మొదలుపెట్టాల్సిందే. నిజానికి ఆ రెండు నెలలు గుట్టల జోలికి పోకపోవడమే మేలు. బండ పొద్దుగూకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు.

అపోహ: నల్లమలలో మనకు తోచినట్టు నడవొచ్చు

కుదరదు. మన తెలంగాణ వైపు అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా లోపల నడవడం నేరం. సలేశ్వరం దారి కూడా చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే తెరుస్తారు. వేలమంది పోయే జాతర వీడియో చూసి మామూలు రోజుల్లో ఒంటరిగా పోదామనుకోవద్దు.

అపోహ: శాటిలైట్ పరికరం తెప్పించుకుంటే ధీమా

మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరాలు వాడటం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. ఒక విజిల్ కొనుక్కోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం కొండల్లో సాయం కోరే గుర్తు. సిగ్నల్ ఉంటే 112.

ఇంట్లోవాళ్లు భయపడతారని చెప్పకుండా వచ్చేవాళ్లున్నారు. అమ్మలు నాకు ఫోన్ చేసి "మావోడు మీ దగ్గరికే వచ్చిండా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచదు. గుట్ట పేరు, ఏ వైపు నుంచి ఎక్కుతున్నారు, ఎన్ని గంటలకు దిగి ఫోన్ చేస్తారు అనే మూడు సంగతులు ఒక్కరికైనా మెసేజ్ పెట్టండి. ఆ టైముకు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా రాయండి. ఊరి చివర మేకల కాపరి కనపడితే ఆయనకూ ఒక మాట చెప్పండి. ఆ గుట్టకు ఎన్ని దారులున్నాయో, ఏ సందులో తేనెపట్టు ఉందో ఆయనకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. "అటు పోకు బిడ్డా" అంటే అటు పోకండి.

మొదటిసారి సోలో అనుకునేవాళ్లు డిసెంబరులో, ఏదైనా మామూలు రోజున భువనగిరి కోట మెట్లదారితో మొదలుపెట్టండి. మెట్లు దాటి బండ మీద నడిచే చోట్ల దిగేటప్పుడు మీ కాళ్లు ఏం చెప్తున్నాయో చూసుకోండి. ఆ తర్వాత ఏ గుట్టకు పోవాలో మాట్లాడుకుందాం.