రాత్రిళ్లు నిద్రపోనివ్వని పిల్లి: అపోహలు, వాస్తవాలు

పిల్లిని చూపించడానికి క్లినిక్‌కు వచ్చేవాళ్లు టీకాల గురించి, తిండి గురించి, రాలుతున్న వెంట్రుకల గురించి అడుగుతారు. అన్నీ అయ్యాక బుట్ట చేతిలోకి తీసుకుని లేవబోతూ, "ఇంకొక్క మాట డాక్టర్ గారూ, ఇది రాత్రిళ్లు మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు" అంటారు. నేనైతే ఆ మాట మొదటే చెప్పమంటాను. నిద్ర చెడిన ఇంట్లో కొన్నాళ్లకే పిల్లి మీద విసుగు మొదలవుతుంది. ఒకరు దాన్ని బాల్కనీలో ఉంచి గడియ పెడతారు, ఒకరు తెలిసినవాళ్లకు ఇచ్చేస్తారు, ఇంకొకరు నాలుగు వీధుల అవతల వదిలేసి వస్తారు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో బతకడం తెలియదు. కుక్కల బారినో, బండ్ల కిందో పడుతుంది. ఇంతదాకా రానక్కర్లేని సమస్య ఇది. చాలా ఇళ్లలో కారణం కనిపెట్టవచ్చు, తెలిశాక చాలావరకు తగ్గించవచ్చు. ఏళ్ల తరబడి నమ్ముతూ వచ్చిన కొన్ని మాటలు మాత్రం అడ్డుపడుతుంటాయి.

అపోహ: పిల్లి నిశాచరి. రాత్రి తిరగడం దాని పుట్టుక గుణం, ఎవరూ మార్చలేరు.

గుడ్లగూబ నిశాచరి. పిల్లి బాగా చురుగ్గా ఉండేది సంధ్యవేళల్లో, అంటే తెల్లవారుజామున, మళ్లీ మునిమాపు వేళ. అది వేటాడే ఎలుకలు, పిట్టలు ఎక్కువగా కదిలేదీ ఆ వేళల్లోనే. మనకు అవసరమైన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దానికి కనిపిస్తుంది. కంటి వెనుక భాగంలో వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, చీకట్లో పిల్లి కళ్లు మెరిసేది దాని వల్లే. రోజు మొత్తం మీద 12 నుంచి 16 గంటలు పడుకుంటుంది, అదీ ఒకే దఫాగా కాకుండా కునుకులు కునుకులుగా.

కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి తిరగడం దానికి సహజం. అర్ధరాత్రి రెండింటికి అల్మరా మీదికి, అక్కడి నుంచి మీ పొట్ట మీదికి దూకడం మాత్రం చాలాసార్లు పగలు ఖర్చుకాని శక్తి. భార్యాభర్తలిద్దరూ ఫ్లాట్‌కు తాళం వేసి ఉద్యోగాలకు వెళ్లిన తొమ్మిది పది గంటలూ పిల్లికి నిద్ర తప్ప వేరే పని లేదు. మన ఎండాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. మధ్యాహ్నమంతా చల్లటి గచ్చు మీద పడి ఉండి, పొద్దుగూకాక లేస్తుంది. అయితే ఇంటి పిల్లి తన వేళలను మనుషుల వేళలకు తగ్గట్టు చాలావరకు సర్దుకోగలదు. దాని పగలు మారిస్తే రాత్రి మారుతుంది.

అపోహ: రాత్రి పిల్లి ఏడిస్తే ఇంటికి కీడు.

ఇంట్లో పెద్దవాళ్లు నిజంగా భయపడతారు. చంటిబిడ్డ గుక్కపట్టినట్టు ఉండే ఆ అరుపు సాధారణంగా ఎదకు వచ్చిన ఆడపిల్లిది, లేదా దాని కోసం గోడ మీద కొట్లాడుకునే గండుపిల్లులది. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. పగటి వెలుతురు ఎక్కువసేపు ఉండే కాలంలో ఎద వస్తుంది. మన దగ్గర చలికాలంలో కూడా పగళ్లు మరీ కుంచించుకుపోవు కనుక దాదాపు ఏడాది పొడవునా రావచ్చు. ఒక్కో ఎద సుమారు వారం ఉంటుంది, జతకట్టకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ మొదలు. నేల మీద దొర్లుతూ, వెనుక భాగం పైకెత్తి అరుస్తుంటే కడుపునొప్పి అనుకుని, నడుము విరిగిందనుకుని కంగారుగా ఎత్తుకొస్తారు. దానికి ఏ నొప్పీ లేదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ దీనికి పరిష్కారం. "ఒక కాన్పు అయ్యాక చేయిద్దాం" అనేవాళ్లు చాలామంది. ఆ ఒక్క కాన్పు వల్ల పిల్లికి ఏ మేలూ లేదు. ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 90 శాతం తగ్గుతుంది. పిల్లుల రొమ్ముల్లో వచ్చే గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ గడ్డలే కాబట్టి ఈ లెక్కను తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలి చెబుతాను. గండుపిల్లికి చేయిస్తే కూడా రాత్రి తిరుగుళ్లు, కొట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్మడం ఎక్కువ శాతం తగ్గిపోతాయి.

అపోహ: అరిచినప్పుడు కాస్త తిండి పెడితే పడుకుంటుంది.

ఆ రాత్రికి పడుకుంటుంది. నా దగ్గరికి వచ్చే నిద్ర కష్టాల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. నాలుగున్నరకు అరిచింది, మీరు కళ్లు నులుముకుంటూ వంటగదిలోకి వెళ్లి గిన్నెలో గుప్పెడు డ్రై ఫుడ్ వేశారు. అరిస్తే మనిషి లేస్తాడు, లేస్తే గిన్నె నిండుతుంది అని పిల్లికి తెలిసిపోయింది. వారం తిరిగేసరికి నాలుగింటికి అరుస్తుంది, ఆ తర్వాత మూడున్నరకు. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా అరుదు. ఆ పిలుపును అవి మనుషుల కోసమే అట్టిపెట్టుకుంటాయి. తిట్టినా, చెప్పు విసిరినా, నీళ్లు చల్లినా మీరు లేచినట్టే లెక్క. పైగా భయం కూడా తోడవుతుంది.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఉంది. మీరు పలకడం మానేసిన మొదటి రాత్రుల్లో అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఇంతవరకు పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే పిల్లి ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది, తలుపు గీరుతుంది, మీ కాలి వేళ్లు కొరుకుతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది లొంగిపోతారు. దాంతో గంటసేపు అరిస్తే ఫలితం ఉంటుందని నేర్పినట్టవుతుంది. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలి. కొడుకూ కోడలూ దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నా, తాతగారు "పాపం, మూగజీవి" అని లేచి గిన్నె నింపితే ముందటి రాత్రులన్నీ వృథా.

ఒంట్లో జబ్బేమీ లేదని తేలిన పిల్లికి నేను ఎక్కువగా చెప్పేది ఆటోమేటిక్ ఫీడర్. అది అరవడం మొదలుపెట్టే వేళకు కాస్త ముందే తెరుచుకునేలా టైము పెట్టండి. పిల్లి మీ మంచం వదిలేసి ఆ పెట్టె ముందు కూర్చోవడం మొదలుపెడుతుంది. తర్వాత నాలుగైదు రోజులకొకసారి పది పదిహేను నిమిషాల చొప్పున ఆ టైమును ఆలస్యం చేస్తూ పోండి. ఫీడర్ లేని ఇంట్లో ఇంకొకటి చేయవచ్చు: పొద్దున లేవగానే పిల్లికి పెట్టకండి. పళ్లు తోముకుని, కాఫీ తాగి, ఆ తర్వాత పెట్టండి. మీ కళ్లు తెరుచుకోవడానికీ దాని గిన్నెకూ ఉన్న ముడి తెగాలి.

అపోహ: పడుకునే ముందు పాలు పోస్తే హాయిగా నిద్రపోతుంది.

పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, కడుపు పాడవుతుంది. రాత్రంతా మలమూత్రాలకు పెట్టిన లిట్టర్ ట్రేకు, మీ గదికి మధ్య తిరుగుతూనే ఉంటుంది. పాలన్నం, పెరుగన్నం మీద బతికే పిల్లికి అర్ధరాత్రి ఆకలి వేయడంలో ఆశ్చర్యం లేదు, అది మాంసాహారి. మాంసంలో, చేపలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే గుండె, చూపు రెండూ దెబ్బతింటాయి. ఇక కడుపు మాడ్చి దారికి తెస్తామనేవాళ్లకు ఒక హెచ్చరిక: రెండు మూడు రోజులు తిండి లేకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: బాగా అలసిపోయేలా లేజర్ లైటు వెనక పరుగెత్తిస్తే చాలు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు. చెలగాటం నిజంగా వేటే. పొంచి ఉండటం, తరమడం, పట్టుకోవడం, కొరకడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం: ఈ వరుస పూర్తయితేనే దానికి తృప్తి. లేజర్ చుక్క ఎంత తరిమినా పంజాకు చిక్కదు. కొన్ని పిల్లులు లైటు ఆర్పాక కూడా గోడలు వెతుకుతూ అశాంతిగా తిరుగుతాయి.

కర్రకు కట్టిన ఈకో, తాడు చివర ముడివేసిన గుడ్డపీలికో చాలు. దాన్ని పిల్లి ముఖం మీద ఊపితే తల తిప్పేసుకుంటుంది, ఏ ఎలుకా పిల్లికి ఎదురు రాదు కదా. దాని నుంచి దూరంగా, సోఫా కాలు వెనక్కి మెల్లగా లాగండి. ఆపండి. చివర మాత్రం కాస్త కదిలించండి. పిల్లి ఒళ్లు నేలకు అంటుకుంటుంది, కళ్లు నల్లగా విచ్చుకుంటాయి, నడుము అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు దూకుతుంది. దొరకనివ్వండి, కొరకనివ్వండి. సాయంత్రం ఒకసారి, మీరు పడుకోబోయే ముందు ఇంకోసారి పది పదిహేను నిమిషాలు ఇలా ఆడించి, వెంటనే రాత్రి భోజనం పెట్టండి. తిన్నాక ఒళ్లు శుభ్రం చేసుకుని పడుకుంటుంది.

అపోహ: ముసలిదైంది, చాదస్తంతో అరుస్తోంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే, పరీక్షలు అయ్యేదాకా దాన్ని అలవాటు కిందో చాదస్తం కిందో కొట్టిపారేయకూడదు. ఆకలి విపరీతంగా ఉండి, అయినా వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి. "బాగానే తింటోంది కదా" అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తూ ఉంటారు, లోపల గుండె పరుగులు తీస్తుంటుంది. రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోను పరీక్షతో చాలావరకు తెలుస్తుంది, మందులున్నాయి. నీళ్లు ఎక్కువ తాగి మూత్రం ఎక్కువ పోస్తుంటే మూత్రపిండాల జబ్బు, లేదా చక్కెర వ్యాధి. 12 ఏళ్లు దాటిన పిల్లులకు ఎక్స్‌రే తీస్తే పదింట తొమ్మిదింటికి ఎక్కడో ఒకచోట కీళ్ల అరుగుదల కనిపించిందని ఒక అధ్యయనం చెప్పింది. నొప్పితో దానికి పడుకునే భంగిమ కుదరదు. చెవుడు వచ్చిన పిల్లి తన గొంతు తనకు వినిపించక ఇంకా గట్టిగా అరుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా విస్మరించేది బీపీ. పిల్లికి బీపీ చూడటానికి నిశ్శబ్దమైన గది కావాలి. బుట్టలోంచి దానంతట అదే బయటికి రానిచ్చి ఐదు పది నిమిషాలు కుదుటపడనిస్తాం. యజమాని ఒళ్లోనే ఉంచి, ముందు కాలికో తోక మొదట్లోనో సన్నటి పట్టీ చుడతాం. మొదట వచ్చిన అంకె వదిలేసి, తర్వాత వచ్చే ఐదారింటి సగటు తీసుకుంటాం. పై అంకె 160 దాటి నిలకడగా ఉంటే బీపీ ఉన్నట్టే, 180 దాటితే కన్ను, మెదడు, గుండె, మూత్రపిండాలు తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు. కంటి లోపలి రెటీనా ఊడిపోయి రాత్రికి రాత్రి చూపు పోయిన పిల్లులను చూశాను. చీకటి మూసుకుపోయిన ఇంట్లో అది అరుస్తుంటే చాదస్తం అనుకున్నారు. ఆమ్లోడిపిన్ మాత్రలో చిన్న ముక్క దీనికి మంచి మందు, అయితే మోతాదు వైద్యులే చెప్పాలి.

ఇవేవీ లేవని తేలాక మిగిలేది మతిమరుపు. 15 ఏళ్లు దాటిన పిల్లుల్లో దాదాపు సగానికి ఆ లక్షణాలు ఏదో ఒక మేర కనిపిస్తాయి. హాలు మధ్యలో నిలబడి గోడ వైపు చూస్తూ అరుస్తుంది, పిలిస్తే ఉలిక్కిపడి దగ్గరికి వస్తుంది. ఈ పిల్లిని పట్టించుకోకుండా ఉండమని నేను చెప్పను. గొంతు వినిపించండి, చిన్న బెడ్‌లైటు వేసి ఉంచండి, అంచు తక్కువగా ఉన్న లిట్టర్ ట్రే దాని పడక దగ్గరే పెట్టండి, ఫర్నిచర్ అటూ ఇటూ మార్చకండి.

అపోహ: మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ అరుస్తుంటే మలబద్ధకం, పొద్దున చూద్దాం.

పొద్దుటిదాకా ఆగకండి. మాటిమాటికీ వెళ్లి కూర్చుని, మూత్రం రాకపోయినా, రెండు చుక్కలే వచ్చినా మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రి అయినా సరే, తెరిచి ఉన్న పశువైద్యశాల వెతుక్కుని వెళ్లండి.

అపోహ: పిల్లల సిరప్ రెండు చుక్కలు పోస్తే పడుకుంటుంది.

పిల్లల జ్వరం సిరప్‌లలో ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్రకే చనిపోవచ్చు. మనుషుల నిద్రమాత్రలు, దగ్గు మందులు కూడా దగ్గరికి రానివ్వకండి.

అపోహ: రెండో పిల్లిని తెస్తే అవి రెండూ ఆడుకుని మనల్ని వదిలేస్తాయి.

ఈడూ జోడూ కుదిరిన పిల్లలైతే కొన్నిసార్లు నిజమే. ఎనిమిదేళ్లు ఒంటరిగా ఏలిన పిల్లి మీదికి గంతులేసే కూనను తెస్తే రాత్రి గొడవలు రెట్టింపవుతాయి. నిద్ర కోసమే అయితే తేవద్దంటాను.

అపోహ: పడకగది తలుపు మూయడం క్రూరత్వం.

బయట నీళ్లు, ట్రే, ఎత్తైన కూర్చునే చోటు, మెత్తటి పడక ఉంటే కాదు. కాకపోతే రోజూ మూయాలి. ఒక రోజు మూసి ఒక రోజు తెరిస్తే పిల్లి ప్రతి రాత్రీ అడిగి చూస్తుంది. తల్లి నుంచి కొత్తగా విడిపోయిన కూన విషయంలో మాత్రం మొదటి కొన్ని వారాలు దగ్గరే పడుకోనివ్వండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అరుపును ఫోనులో వీడియో తీసి తీసుకెళ్లండి, లైటు వేయకుండా తీసినా ఫర్వాలేదు. పిల్లి ముఖం కన్నా అది నిలబడ్డ చోటు మాకు ఎక్కువ చెబుతుంది: ట్రే దగ్గరా, ఖాళీ గిన్నె దగ్గరా, వీధి పిల్లి కనిపించే కిటికీ దగ్గరా, ఏమీ లేని గోడ ముందా. ఏ వేళకు మొదలైంది, ఎన్నాళ్ల నుంచి, ఈ మధ్య ఏదైనా మందు వాడారా అన్నది కూడా రాసి పెట్టుకోండి. దురదకు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలతో ఆకలి, దాహం పెరిగి రాత్రిళ్లు గోల చేసే పిల్లులు ఉంటాయి. అలాంటప్పుడు మందు మీరే ఆపేయకుండా, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోండి.