హోటల్ గది బాగాలేదా? రిసెప్షన్ వైపు నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పని నాది. రామప్ప చూడడానికి వచ్చేవాళ్లు, నిట్‌లో పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు, పెళ్లిళ్ల చుట్టాలు... అందరి తిట్లూ ముందు మాకే తగులుతాయి. కొన్ని న్యాయమైనవే.

అపోహ: బాత్రూంలో మురుగు కంపు వస్తే గది కడగనట్టే.

కడిగే ఉండొచ్చు. నేల జాలీ కింద వంపులో కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ గాలిని పైకి రానివ్వవు. గది చాన్నాళ్లు ఖాళీగా ఉంటే, అందులోనూ మన ఎండలకు, ఆ నీళ్లు ఆరిపోతాయి. జాలీలో నాలుగు మగ్గుల నీళ్లు పోసి కాసేపు ఆగండి. అప్పటికీ కంపు పోకపోతే పైపులోనే తేడా ఉన్నట్టు, గది మార్చమనండి. ఏసీ వేయగానే ముక్కవాసన కొడితే మాత్రం మా వాళ్ల మాటలు నమ్మొద్దు, ముందు ఫిల్టర్ కడిగించమనండి.

అపోహ: నల్లులు చవక లాడ్జీల్లోనే ఉంటాయి.

నల్లికి కావాల్సింది రక్తం, గది అద్దెతో దానికి పనిలేదు. ఎవరి బ్యాగులోనో ఎక్కి వస్తుంది. దుప్పటి ఎత్తి, పరుపు కుట్ల వెంట, మంచం తలవైపు చెక్క సందుల్లో ఫోన్ లైటు వేసి చూడండి. పెన్ను మొనతో పెట్టినట్టు నల్ల చుక్కలుంటే బ్యాగు దించకుండానే వచ్చేయండి. పక్క గది ఇస్తామంటే వద్దనండి, గోడ సందుల్లోంచి అవి అటూ పోతాయి. వేరే ఫ్లోర్ అడగండి.

అపోహ: ఒకరోజు అద్దె అంటే 24 గంటలు.

కొన్ని లాడ్జీల్లో అంతే. మధ్యాహ్నం 12కి చెకౌట్ ఉన్నచోట, కాజీపేటలో రైలు దిగి రాత్రి 2కి వచ్చారంటే మీకు మిగిలేది 10 గంటలే. 15వ తేదీ తెల్లవారుజామున వచ్చేవాళ్లు 14కి బుక్ చేసుకోవాలి. ఈ గొడవ మాకు మామూలే.

అపోహ: బిల్లులో సర్వీస్ చార్జీ వేస్తే కట్టాల్సిందే.

అక్కర్లేదు, తీసేయమనండి. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. జీఎస్టీ సంగతి వేరు, అది కట్టాలి.

అపోహ: వెళ్లాక రివ్యూలో ఏకితే చాలు.

రాత్రంతా చన్నీళ్లతో సర్దుకుని, పొద్దున తాళం ఇస్తూ ‘గీజర్ పనిచేయలేదు’ అంటే అప్పుడు మేం చేసేదేముంటుంది? రాత్రి పదికే చెబితే ఖాళీ గది ఏదో ఒకటి ఉంటుంది. ఫొటో తీసి హోటల్ వాట్సాప్‌కు పంపండి, టైంతో సహా రికార్డు ఉంటుంది. అరిచినవాళ్లకు గది త్వరగా మారుస్తాం, నిజమే. కానీ మంచి గది మాత్రం నెమ్మదిగా అడిగినవాళ్లకే వెళ్తుంది.

ఎంతకీ పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రెండేళ్లలోపు మీ సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వరంగల్ దాకా తిరగక్కర్లేదు.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో మాత్రం మార్చడానికి మా దగ్గర గదే ఉండదు. అప్పుడు వస్తే, గది తలుపు తీయించి చూశాకే డబ్బులు కట్టండి.