డయాట్లోవ్ కనుమ: తొమ్మిది మరణాలు, తెగని వాదాలు

ఉత్తర ఉరల్ పర్వతాల్లో తొమ్మిది మంది ట్రెక్కర్ల మరణంపై సాగిన దర్యాప్తును 1959 మే 28న సోవియట్ ప్రాసిక్యూటర్ లెవ్ ఇవనోవ్ మూసేశారు. ఆ బృందం తట్టుకోలేని ఏదో ప్రకృతి శక్తి వాళ్ల ప్రాణాలు తీసిందన్నది ఆయన తేల్చిన విషయం. ఆ శక్తి ఏమిటో ఫైల్లో రాయలేదు. తర్వాత మూడేళ్ల పాటు ట్రెక్కర్లెవరినీ ఆ ప్రాంతానికి వెళ్లనివ్వలేదు. అరవై ఏళ్ల తర్వాత రష్యా ప్రాసిక్యూటర్ల కార్యాలయం లెక్కపెడితే ఈ మరణాల మీద 75 సిద్ధాంతాలు తేలాయి. గ్రహాంతరవాసులు, యెతి, గూఢచారులు, రాకెట్లు... అన్నీ ఉన్నాయి. తెలుగు యూట్యూబ్ వీడియోల్లో ఈ కథ వినని వాళ్లు ఇప్పుడు తక్కువ. కానీ ఆ సిద్ధాంతాల్లో ఏది ఎందుకు పుట్టిందో చెప్పేవాళ్లు కూడా తక్కువే.

బృందం నాయకుడు ఇగోర్ డయాట్లోవ్. వయసు 23. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోని (ఇప్పటి యెకాతెరిన్‌బర్గ్) ఉరల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి. బృందంలో ఎక్కువమంది అక్కడ చదువుతున్నవాళ్లో, చదువు పూర్తి చేసినవాళ్లో. ఒక్క సెమ్యోన్ జొలోతర్యోవ్ మాత్రం యుద్ధంలో పనిచేసి వచ్చిన పెద్దవాడు. వీళ్లు వెళ్లాలనుకున్నది ఒతోర్తెన్ పర్వతానికి. అప్పటి సోవియట్ వర్గీకరణలో అది అత్యంత కష్టమైన తరగతి ట్రెక్. బయల్దేరినప్పుడు పది మంది. నడుము, కాళ్ల నొప్పులు తిరగబెట్టడంతో జనవరి 28న యూరి యూదిన్ వెనక్కి తిరిగాడు. ఆ నొప్పే అతని ప్రాణం కాపాడింది.

ఫిబ్రవరి 1 సాయంత్రం మిగిలిన తొమ్మిది మంది ఖోలాత్ స్యాఖ్ల్ అనే కొండ వాలు మీద మంచును తవ్వి, చదును చేసి, టెంట్ వేసుకున్నారు. కింద అడవి కిలోమీటరున్నర దూరంలోనే ఉన్నా, ఎక్కిన ఎత్తు వదులుకోవడం ఇష్టం లేక అక్కడే ఆగి ఉంటారని యూదిన్ తర్వాత అనేవాడు. ఫిబ్రవరి 12 ప్రాంతంలో రావాల్సిన టెలిగ్రాం రాలేదు. కుటుంబాలు గట్టిగా అడిగాక ఫిబ్రవరి 20న గాలింపు మొదలైంది. 26న టెంట్ దొరికింది. సగం కూలి, మంచు కప్పుకుని ఉంది. బూట్లు, కోట్లు, తిండి అన్నీ లోపలే ఉన్నాయి. టెంట్ గుడ్డను లోపలి నుంచే కోసినట్టు పరీక్షలో తేలింది. అడుగుజాడలు అడవి వైపు దిగాయి. మేజోళ్లతో నడిచినవి, కొన్ని వట్టి పాదాలవి. అవి పరుగెత్తిన అడుగులు కావు, నడిచినవే.

అడవి అంచున ఒక పెద్ద పైన్ చెట్టు కింద ఆరిపోయిన నెగడు. పక్కన లోదుస్తులతో క్రివోనిషెంకో, దొరోషెంకోల శవాలు. చెట్టు కొమ్మలు ఐదు మీటర్ల ఎత్తు దాకా విరిగి ఉన్నాయి. చెట్టుకూ టెంట్‌కూ మధ్య, తిరిగి పైకి ఎక్కుతున్న తీరులో డయాట్లోవ్, జినైదా కొల్మొగొరొవా, రుస్తెమ్ స్లొబోదిన్ దొరికారు. ఈ ఐదుగురూ చలికే చనిపోయారు. ఇక్కడితో ఆగి ఉంటే ఇది దుర్ఘటనగానే మిగిలేది. మే మొదటి వారంలో మంచు కరిగాక, చెట్టుకు 75 మీటర్ల దూరంలో వాగు గండిలో మిగతా నలుగురూ బయటపడ్డారు. తీబో-బ్రిన్యోల్ పుర్రె చితికింది. జొలోతర్యోవ్‌కు, ల్యుద్మిలా దుబీనినాకు పక్కటెముకలు విరిగాయి. కారు గుద్దినంత బలం పడితే తప్ప ఇలాంటి దెబ్బలు తగలవని శవపరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు. బయటికి, చర్మం మీద మాత్రం పెద్ద గాయాలు లేవు. దుబీనినాకు కళ్లు, నాలుక లేవు. కొందరి బట్టల మీద రేడియోధార్మికత కనిపించింది.

మొదటి అనుమానం పడింది అక్కడి స్థానిక తెగ మాన్సీల మీద. తమ పవిత్ర స్థలానికి వచ్చారని చంపి ఉంటారని వాళ్లను పిలిపించి ప్రశ్నించారు. నిజానికి గాలింపులో దారి చూపినవాళ్లలో మాన్సీలు కూడా ఉన్నారు. టెంట్ లోపలి నుంచే కోశారని తేలడంతో, బయటివాళ్ల అడుగులు దొరక్కపోవడంతో ఆ అనుమానం నిలవలేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా వీడియోల్లో మాన్సీలను హంతకులుగా చూపిస్తుంటే బాధేస్తుంది.

రహస్య రాకెట్ పరీక్షే వాళ్లను చంపిందనే సిద్ధాంతం సంగతి వేరు. దానికి దర్యాప్తు అధికారే ఊపిరి పోశాడు. ఆకాశంలో వెలుగు గోళాలు కనిపించాయనీ, ఆ సమాచారాన్ని పక్కన పెట్టమని పార్టీ నాయకులు ఒత్తిడి చేశారనీ 1990లో ఇవనోవ్ ఒక పత్రికలో రాశారు. గోళాలను చూసినవాళ్లున్న మాట నిజమే. కానీ బాగా నమోదైనవి ఫిబ్రవరి 17న, మార్చి 31న. అప్పటికి తొమ్మిది మందీ ఎప్పుడో చనిపోయారు. రేడియోధార్మికతకు దగ్గరి కారణం ఒకటుంది. మాయక్ అణుకేంద్రంలో 1957 సెప్టెంబరులో పెద్ద ప్రమాదం జరిగింది. క్రివోనిషెంకో అక్కడ పనిచేశాడు. చనిపోయినవాళ్ల బట్టలను మిగతావాళ్లు తీసి తొడుక్కున్నారు. మాయక్ ప్రమాదాన్ని సోవియట్ ప్రభుత్వం 1989 దాకా ఒప్పుకోలేదు. అంతటి విషాదాన్ని మూడు దశాబ్దాలు దాచిన ప్రభుత్వం తొమ్మిది మంది చావును దాచదని ఎవరు నమ్ముతారు? నా ఉద్దేశంలో ఇన్ని సిద్ధాంతాలకు అసలు వేరు కొండ మీది వింతలు కాదు, కింది ఆఫీసుల్లోని మౌనం.

వింతలనుకున్న ముడులు విడివిడిగా చూస్తే చాలావరకు విడిపోతాయి. మూడు నెలలు వాగు నీళ్లలో, మంచు కింద ఉన్న శవానికి మెత్తటి భాగాలు పోవడం మామూలే. చలికి చనిపోయేవాళ్లు చివరి నిమిషాల్లో ఒళ్లు మండుతున్నట్టనిపించి బట్టలు విప్పేసుకోవడం వైద్యులకు తెలిసిన సంగతే. గాలి కొండను చుట్టుకుపోతూ చెవికి వినపడని ధ్వని పుట్టించి భయపెట్టిందనే వాదం కూడా ఒకటుంది. వినడానికి బాగుంటుంది గానీ, అంత భయపడినవాళ్లు అంత క్రమంగా నడిచి దిగుతారా? కొండ మీది నుంచి కిందికి విరుచుకుపడే చలిగాలి వాదం దీనికంటే బలమైనది. 1978లో స్వీడన్‌లోని అనారిస్ పర్వతాల్లో అలాంటి గాలికి ఎనిమిది మంది స్కీయర్లు చనిపోయారు.

2019లో రష్యా ప్రాసిక్యూటర్లు కేసు మళ్లీ తెరిచారు. హత్యల ఊసెత్తలేదు, ప్రకృతి కారణాలనే చూశారు. 2020 జులైలో అధికారి ఆంద్రేయ్ కుర్యాకోవ్ నిర్ణయం చెప్పారు: మంచు చరియ కదలడంతో బయటికి వచ్చారు, చీకట్లో టెంట్ మళ్లీ కనపడలేదు, చలికి పోయారు. లెక్కలు చూపించకుండా చెప్పడంతో కుటుంబాలు ఒప్పుకోలేదు. వాళ్ల ప్రశ్నలు న్యాయమైనవే. వాలు చరియలు విరిగేంత నిటారుగా లేదు. గాలించినవాళ్లకు చరియ గుర్తులు కనపడలేదు. పడేదైతే వాలు తవ్వినప్పుడే పడాలి గానీ, గంటల తర్వాత ఎందుకు పడింది?

వీటికి జవాబు స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. యోహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2021 జనవరిలో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. పైకి కనిపించే మంచు కింద అసలు నేల వాలు దాదాపు 28 డిగ్రీలు. టెంట్ కోసం తవ్విన చోట కింది ఆధారం పోయింది. రాత్రంతా గాలి పైనుంచి మంచును తెచ్చి పోసింది. బరువు పెరిగి పెరిగి, తవ్విన ఏడున్నర నుంచి పదమూడున్నర గంటల తర్వాత గట్టి మంచు పలక ఒకటి విరిగి జారగలదని వాళ్ల లెక్క. పలక చిన్నదే, మూడు వారాల్లో గాలి దాని గుర్తులు చెరిపేస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషి ఛాతీ మీద పడితే ఎముకలు విరుగుతాయని కంప్యూటర్ నమూనాతో చూపించారు. అందుకోసం డిస్నీ యానిమేషన్‌లో మంచును కదిలించిన ప్రోగ్రామును, కార్ల భద్రత కోసం వెనకటికి చేసిన ప్రమాద పరీక్షల వివరాలను వాడుకున్నారు. అక్కడసలు చరియలే పడవన్న మాటకు 2022లో జవాబు దొరికింది. ఆ శీతాకాలం వెళ్లిన బృందాలు దగ్గరి వాలుల మీద తాజా మంచు పలకలు విరిగిన ఆనవాళ్లను ఫొటోలు తీశాయి.

ఇప్పటికున్న వాటిలో నాకు ఇదే నిలబడే వివరణ అనిపిస్తుంది. ఎందుకంటే ఆ రాత్రి టెంట్ బయట జరిగిన పనులన్నీ దీంతో పొసగుతాయి. వాళ్లు నెగడు వేశారు. కొమ్మలు విరిచి గండిలో ఆసరా కట్టుకున్నారు. ముగ్గురు టెంట్ కోసం మళ్లీ పైకి బయల్దేరారు. ఇది మతిపోయిన గుంపు చేసే పని కాదు. ట్రెక్కింగ్ తెలిసిన మనుషులు ఒకరినొకరు బతికించుకోవడానికి గంటల తరబడి పోరాడారు. గ్రహాంతరవాసుల కథలు దోచుకునేది ముందుగా ఈ పోరాటాన్నే.

తెగని ముడి ఒకటుంది. పుర్రె చితికిన మనిషి, పక్కటెముకలు విరిగిన ఇద్దరు కిలోమీటరున్నర ఎలా దిగారు? అడుగుజాడల్లో ఎవరినీ ఈడ్చిన గుర్తులు లేవు. అందుకే గాయాలు టెంట్‌లో కాదు, గండిలోనే తగిలాయని కొందరంటారు. కట్టుకున్న ఆసరా మీదికి మీటర్ల మందం మంచు కూలి ఉండొచ్చన్నది వాళ్ల వాదం. స్విస్ శాస్త్రవేత్తలు కూడా అడవికి దిగాక ఏం జరిగిందో తాము తేల్చలేదనే చెప్పారు. యూదిన్ 2013 ఏప్రిల్‌లో చనిపోయాడు. దేవుణ్ణి ఒక్క ప్రశ్న అడిగే అవకాశం వస్తే, ఆ రాత్రి నా స్నేహితులకు ఏమైందనే అడుగుతానని అతను ఒకప్పుడు అన్నాడు. స్నేహితుల్లో ఏడుగురిని పూడ్చిన మిఖైలోవ్‌స్కొయె శ్మశానంలోనే అతన్నీ పూడ్చారు.