తిరిగిరాని అండర్‌స్కోర్

మాదాపూర్‌లో ఒక బృందం సరుకులను ఇంటికి చేర్చే సేవను నిర్మిస్తోందనుకుందాం. సర్వర్ పైథాన్ భాషలో, వెబ్‌పేజీ జావాస్క్రిప్ట్ భాషలో ఉంటాయి. కొనుగోలుదారు చిరునామా వాటి మధ్య జేసన్ రూపంలో, అంటే పేరు-విలువ జతలుగా, ప్రయాణిస్తుంది. 2001లో వెలువడిన పెప్ 8 అనే రాతశైలి మార్గదర్శకాన్ని అనుసరించే పైథాన్ ప్రోగ్రామర్లు వేరియబుల్, ఫంక్షన్ పేర్లను చిన్న అక్షరాలతో రాసి పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంచుతారు. ఇది స్నేక్ కేస్. జావాస్క్రిప్ట్‌లో పదాలను కలిపేసి, రెండో పదం నుంచి ప్రతి పదాన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టే క్యామెల్ కేస్ వాడుక. జేసన్ ప్రమాణం ఈ రెంటిలో దేన్నీ విధించదు. (పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేని తెలుగు లిపిలో పేర్లు పెట్టడానికి పైథాన్ 3 అనుమతిస్తుంది గానీ, అక్కడ క్యామెల్ కేస్ అసాధ్యం.)

కాబట్టి పేర్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చాల్సి వస్తుంది. స్నేక్ నుంచి క్యామెల్‌కు మార్చడం సులభమే, చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. 'లైన్_1', 'లైన్1' అనే రెండు వేర్వేరు ఇంగ్లిష్ పేర్లూ క్యామెల్ కేస్‌లో 'లైన్1'గానే మారతాయి, ఎందుకంటే అంకెను పెద్దది చేయలేము. అండర్‌స్కోర్ మొదట ఉందో లేదో ఆ తర్వాత ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. 'యూజర్ ఐడీ'లో చివరి రెండు ఇంగ్లిష్ అక్షరాలూ (ఐ, డీ) పెద్దవైతే, ప్రతి పెద్ద అక్షరం ముందూ అండర్‌స్కోర్ చేర్చే సాదా ప్రోగ్రాము వాటిని రెండు పదాలుగా విడగొడుతుంది. పిన్‌కోడ్‌ను ఒకరు ఒకే పదంగా, మరొకరు రెండు పదాలుగా రాస్తే 500081 అనే విలువ పంపినా అందదు. పైగా లేని పేరును అడిగినప్పుడు జావాస్క్రిప్ట్ లోపమేదీ చూపకుండా 'అన్‌డిఫైన్డ్' (నిర్వచించనిది) అని ఊరుకుంటుంది కాబట్టి, ఈ తప్పు చాలాకాలం దాగి ఉంటుంది.

అందుకే మార్పిడిని సమాచారం లోపలికి వచ్చే, బయటికి వెళ్లే ఒక్కచోటనే చేయడం, సందేహమున్న పేర్లను విడిగా రాసి ఉంచడం మేలు. ప్రోగ్రాముల మధ్య పంపే సమాచారపు రూపాన్ని ముందుగా నిర్వచించే ప్రోటోకాల్ బఫర్స్ అనే సాధనంలో ఫీల్డ్ పేర్లను స్నేక్ కేస్‌లో రాస్తే జేసన్‌లోకి క్యామెల్ కేస్‌లో వెళ్తాయి, చదివేటప్పుడు రెండు రూపాలూ చెల్లుతాయి. మినహాయింపు కావలసిన పేరును విడిగా పేర్కొనవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎదురైన ప్రతి కీనీ, అంటే విలువకు ముందుండే ప్రతి పేరునూ, గుడ్డిగా మార్చే ప్రోగ్రాము. డెలివరీ రుసుముల పట్టికలో 'బంజారా_హిల్స్' అనే కీ ఉంటే అది ప్రోగ్రామర్ పెట్టిన ఫీల్డ్ పేరు కాదు, సమాచారంలో భాగం. దాని అండర్‌స్కోర్ తీసేస్తే ఆ ప్రాంతానికి రుసుమే దొరకదు. రస్ట్ భాషలో సమాచారాన్ని జేసన్ వంటి రూపాల్లోకి మార్చే సెర్డ్ లైబ్రరీ పేరుమార్పు నియమాన్ని ముందుగా ప్రకటించిన ఫీల్డ్‌లకే వర్తింపజేసి, ఇలాంటి పట్టికల కీల జోలికి పోదు.