గంట చేసినా ఉద్యోగే: అరకొర పని లెక్కకెక్కని కథ

జాతీయ నమూనా సర్వే ప్రకారం 2011-12లో దేశంలో నిరుద్యోగం 2.2 శాతం. అదే సర్వేలో మరో పట్టిక చూస్తే 5.6 శాతం. రెండూ సరైనవే, అడిగిన ప్రశ్న వేరు, అంతే. చాలినంత పని దొరకని అల్పోద్యోగిత ఈ రెండంకెల మధ్యే దాగుంటుంది.

నెల జీతాల దేశాల కొలబద్ద మన పల్లెలకు పనికిరాదనీ, ఒక్క అంకెతో నిరుద్యోగాన్ని చెప్పడం కుదరదనీ నిరుద్యోగ అంచనాలను పరిశీలించిన దంత్వాలా కమిటీ 1970లోనే తేల్చింది. అందుకే 1972-73 నాటి 27వ విడత సర్వే నుంచి మూడు కొలతలు వచ్చాయి: ఏడాదిని చూసే సాధారణ స్థితి (పైన చెప్పిన 2.2 శాతం దీనిదే), వారపు స్థితి, రోజువారీ స్థితి (5.6 శాతం దీనిది). నిరుద్యోగంపైనే వేసిన భగవతి కమిటీ ఇంకా సూటిగా వెళ్లింది: వారానికి 14 గంటలలోపు పని ఉన్నవాళ్లనూ నిరుద్యోగుల్లోనే వేసింది. 1971కి అది చెప్పిన 1.87 కోట్లలో వీళ్లే 97 లక్షలు.

ఒక కలుపు కూలీని తీసుకోండి. సోమవారం ఆరు గంటలు, బుధవారం మూడు గంటలు పని దొరికింది. మిగతా రోజుల్లో అడిగినా లేదు. వారపు స్థితిలో ఏ ఒక్క రోజు గంట చేసినా చాలు, ఆమె ఉద్యోగే. రోజువారీ స్థితి వారాన్ని 14 అరపూటలుగా విడగొడుతుంది: రోజులో నాలుగు గంటలు, ఆపైన చేస్తే రెండు అరపూటలు, గంట నుంచి నాలుగు గంటలలోపైతే ఒకటి. ఆమెకు పని 3, ఖాళీ 11. ఇక సాధారణ స్థితిలో, ఏడాదిలో ఎక్కువ కాలం పని వెతుక్కుంటూ గడిపినా, అనుబంధంగా 30 రోజులు పనిచేస్తే నిరుద్యోగుల జాబితా నుంచి పేరు పోతుంది. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కేది చాలాసార్లు ఈ లెక్కే!

రోజువారీ లెక్కకూ లోపముంది. అది మనుషుల్ని కాదు, పనిదినాలను లెక్కిస్తుంది. 5.6 శాతమంటే అంతమంది ఖాళీగా ఉన్నారని కాదు. అయితే 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కుటుంబానికి 100 రోజులంటూ దినాల్లోనే మాట్లాడింది. వేసవి ఖాళీని పట్టుకునే భాష అదే.

ఏ కొలతకూ చిక్కనిది ప్రచ్ఛన్న నిరుద్యోగిత. ఇద్దరు చాలే చేలో నలుగురు పొద్దంతా ఉంటే గంటలు నిండుగానే కనిపిస్తాయి. 2018-19లో 5.8 శాతమున్న సాధారణ స్థితి నిరుద్యోగం 2023-24కి 3.2కు దిగింది. అదే కాలంలో శ్రామికుల్లో వ్యవసాయం వాటా 42.5 నుంచి 46.1 శాతానికి పెరిగింది. తగ్గిందన్న నిరుద్యోగంలో కొంత ఇలా చేలల్లోనే దాగి ఉండొచ్చు.