తుఫాన్లు, కరువులు, యుద్ధాలు: అపోహలు - వాస్తవాలు

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. పాత కరువులు, తుఫాన్ల రికార్డులు చదవడం నా పరిశోధన. ఈ మధ్య ఎక్కడ యుద్ధం మొదలైనా "అంతా వాతావరణం వల్లే" అనే వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. వాతావరణం రాజ్యాలను కదిలించిన మాట నిజమే. ఎలా కదిలించిందన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

అపోహ: నెపోలియన్‌ను ఓడించింది రష్యా చలి.

ఆయన సైన్యం రష్యా సరిహద్దులోని నేమన్ నది దాటింది 1812 జూన్ 24న, నడి వేసవిలో. ప్రధాన సైన్యంలోనే నాలుగు లక్షలకు పైగా మనుషులున్నారు. సెప్టెంబర్ 14న మాస్కోలో అడుగుపెట్టింది సుమారు లక్ష మందే. కొందరిని దారిలో కాపలాకు వదిలారు, ఇంకొందరు యుద్ధాల్లో పోయారు. కానీ ఎండకు, టైఫస్ జ్వరానికి, రక్త విరేచనాలకు కూలిపోయినవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. మేత దొరక్క గుర్రాలు వేలల్లో చచ్చాయి. అప్పటికింకా మంచు పడనే లేదు.

మాస్కో నుంచి వెనక్కి మళ్లిన మిగిలినవాళ్లను నవంబర్ చలి దెబ్బతీసిన మాట వాస్తవం. అయితే అదే నెలాఖరులో బెరెజినా నది దగ్గర చలి కాస్త తగ్గి గడ్డ కరిగింది. నది గట్టిగా గడ్డకట్టి ఉంటే నడిచి దాటేసేవాళ్లు. ఇంజనీరు దళం మంచునీళ్లలో దిగి వంతెనలు కట్టాల్సి వచ్చింది. అక్కడ వేలమంది చనిపోయారు.

అపోహ: కరువొస్తే జనం తిరగబడతారు.

రాయలసీమలో పెద్దవాళ్లు ధాత కరువు గురించి చెప్పుకునేవారు. 1876-78 నాటిది. దక్షిణ భారతంలో అర కోటికి పైగా ప్రాణాలు తీసిందని అంచనా. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలని బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. ఇంత జరిగినా అక్కడక్కడా ధాన్యం దోపిడీలే గానీ, ప్రభుత్వాన్ని కదిలించే తిరుగుబాటు రాలేదు. పస్తులతో ఒళ్లు కదలని మనిషి గంజి కేంద్రం దాకా నడవడమే గగనం. తిరుగుబాటుకు కూడా ఒంట్లో సత్తువ కావాలి.

ఆ వెంటనే 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు వచ్చింది. కొందరు దాన్ని ఈ కరువు ఖాతాలో వేస్తారు. కొండవాళ్లను రగిలించింది కల్లు మీద వేసిన చిగురు పన్ను, మన్సబుదారు (ఆ కొండ ప్రాంతపు జమీందారు) దోపిడీ, దానికి వత్తాసు పలికిన పోలీసులు.

అపోహ: బంగ్లాదేశ్‌ను పుట్టించింది భోలా తుఫాను.

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. 1970 నవంబర్ 12 రాత్రి, సముద్రం పోటు మీద ఉన్న వేళ, తుఫాను అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే నేటి బంగ్లాదేశ్ తీరం దాటింది. తక్కువలో తక్కువ మూడు లక్షల మంది చనిపోయారు, ఐదు లక్షలనే అంచనాలూ ఉన్నాయి. తజుముద్దీన్ అనే ఒక్క ప్రాంతంలోనే జనాభాలో 45 శాతానికి పైగా పోయారు. చైనా నుంచి తిరిగొస్తున్న పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ఢాకాలో ఆగి, విమానంలోంచి ఓసారి చూసి రావల్పిండి వెళ్లిపోయాడు. సహాయం నత్తనడక నడిచింది. బెంగాలీల పార్టీ అవామీ లీగ్ నాయకుడు షేక్ ముజీబ్ ఎన్నికల ప్రచారం ఆపి తీర గ్రామాల్లో తిరిగాడు. డిసెంబర్ 7న ఎన్నికలు జరిగాయి. తుఫాను ప్రాంతాల్లో మాత్రం జనవరికి వాయిదా వేశారు. తూర్పున 162 సీట్లకు 160 అవామీ లీగ్‌వే.

ఇంతవరకు చూస్తే తుఫానే దేశాన్ని చీల్చిందనిపిస్తుంది. కాస్త వెనక్కి వెళ్లండి. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ఢాకా విద్యార్థులు ప్రాణాలిచ్చారు. 1966లో ముజీబ్ తూర్పుకు స్వయంప్రతిపత్తి కోరుతూ ఆరు సూత్రాలు ప్రకటించాడు. 1969లో వీధి పోరాటాల ఒత్తిడికి అప్పటి అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దిగిపోయాడు. పశ్చిమ పాకిస్తాన్ పాలకులకు తమ ప్రాణాలంటే లెక్కలేదని బెంగాలీలు ఏళ్లుగా అంటూనే ఉన్నారు. ఆ నవంబర్‌లో అది కళ్లారా చూశారు. తుఫాను చేసిన పని అదే, అది చిన్నదని నేననను. కానీ యుద్ధం మొదలైంది గెలిచినవాళ్లకు అధికారం ఇవ్వకుండా 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని ఢాకా మీదికి వదిలినప్పుడు.

అదే తీరాన్ని 1991 ఏప్రిల్ 29న మరో పెను తుఫాను తాకింది. లక్షా ముప్పై వేలకు పైగా మరణాలు. కొత్తగా ఎన్నికైన ప్రభుత్వం నిలబడింది. మన దివిసీమనే తీసుకోండి. 1977 నవంబర్ 19న ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది, అధికారిక లెక్కే పదివేల దాకా ఉంది. ఆ కుటుంబాల దుఃఖం భోలా వాళ్ల దుఃఖం కంటే తక్కువేం కాదు. అయినా దేశం నుంచి విడిపోదామన్న మాట అక్కడ పుట్టలేదు. కరువులు, తుఫాన్ల చరిత్ర చదివేటప్పుడు గాలి వేగం కంటే ముందు నేను వెతికేది, దానికి పదేళ్ల ముందు నుంచి ఆ జనానికీ పాలకులకూ మధ్య ఏం నడిచిందన్నది.

అపోహ: సిరియా యుద్ధానికి కారణం కరువు.

2006 తర్వాత ఈశాన్య సిరియాలో తీవ్రమైన కరువు పడింది, పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పటికే బోర్లు తోడి తోడి భూగర్భ జలం అడుగంటింది. ఆ బోర్లు నడిచేది డీజిల్ మీద, ప్రభుత్వం 2008లో ఆ డీజిల్ సబ్సిడీనే కోసేసింది. అయితే 2011 మార్చిలో జనం వీధుల్లోకి వచ్చింది దేశానికి మరో మూలన, దక్షిణాన దరా పట్టణంలో. గోడ మీద ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాసిన బడి పిల్లలను పట్టుకెళ్లి హింసించారని తెలిసి కదిలారు. వాళ్ల మీద కాల్పులు జరిపారు. కరువు వలస వచ్చిన కుటుంబాలు ఆ చుట్టుపక్కలా ఉన్నాయి, వాళ్ల కష్టాన్ని లెక్కలోంచి తీసేయలేం. పక్కనున్న జోర్డాన్‌కూ ఆ ఏళ్లలో వానలు ముఖం చాటేశాయి. అక్కడ యుద్ధం రాలేదు. దరా నుంచి పారిపోయినవాళ్లు ఎక్కువగా తలదాచుకున్నది ఆ దేశంలోనే.