గ్రోత్ హార్మోన్: సూదిలో ఉన్నది బలమా, నీరా?

ఎదుగుదల కోసం శరీరమే తయారుచేసుకునే గ్రోత్ హార్మోన్ గురించి, హార్మోన్ల వైద్యుడిగా నన్ను అడిగేవారు రెండు రకాలు. పిల్లలు ఎదగడం లేదని దిగులుపడే తల్లిదండ్రులు ఒకరు. కండలు తిరిగిన యువకులు మరొకరు. వీళ్ల ప్రశ్న ఎప్పుడూ “మా స్నేహితుడి కోసం” అని మొదలవుతుంది.

అపోహ: ఇది వాడితే బలం వస్తుంది.

కండ పెరిగినట్టు కనిపించడం నిజమే. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు 96 మంది ఔత్సాహిక క్రీడాకారులపై ఎనిమిది వారాల పరీక్ష జరిపారు. హార్మోన్ తీసుకున్నవారికి కొవ్వు తగ్గింది, ఒంటి బరువులో కొవ్వు కాని భాగం పెరిగింది. కానీ అందులో చాలావరకు ఒంట్లో నిలిచిన నీరే. బలం పెరగలేదు, దమ్మూ పెరగలేదు. సైకిల్ మీద స్ప్రింట్ సామర్థ్యం మాత్రం సుమారు 4 శాతం మెరుగైంది. మందు ఆపిన ఆరు వారాలకు అదీ పోయింది. సెకనులో వందో వంతుకు పతకాలు చేతులు మారే చోట 4 శాతం చిన్నది కాదు. ఆశ పుట్టేది అక్కడే.

అపోహ: శరీరంలో ఉన్నదే కదా, హాని ఏముంది?

ఇన్సులిన్ కూడా శరీరంలో ఉన్నదే. అవసరం లేనివాడు పొడుచుకుంటే ప్రాణం పోవచ్చు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో చక్కెర పెరుగుతుంది, కీళ్లు నొప్పిపెడతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఏమవుతుందో అక్రోమెగలీ రోగుల్లో, అంటే శరీరమే ఈ హార్మోన్‌ను అతిగా తయారుచేసే జబ్బు ఉన్నవారిలో, చూస్తుంటాను. ఉంగరం పట్టడం లేదని, చెప్పుల సైజు మారిందని వస్తారు. అప్పటికే గుండె కండరం మందమై ఉంటుంది. చికిత్స చేసినా పెరిగిన దవడ వెనక్కి రాదు.

ఎత్తు కోసం అడిగే వాలీబాల్ కుర్రాళ్లకు జవాబు చిన్నది: ఎముకల చివర్లలో ఎదిగే భాగం మూసుకుపోయాక ఒక్క అంగుళం కూడా పెరగరు.

అపోహ: పరీక్షల్లో దొరకదు.

క్రీడల్లో నిషేధించిన ఈ హార్మోన్‌ను పట్టే రక్త పరీక్ష 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే ఉంది. బ్రిటన్ రగ్బీ ఆటగాడు టెర్రీ న్యూటన్ దానికి దొరికాడు, 2010లో అతనిపై నిషేధం పడింది. 2012 లండన్ పారాలింపిక్స్‌లో కొత్త పరీక్ష ఇద్దరు రష్యా పవర్‌లిఫ్టర్లను పట్టించింది.

అపోహ: అందరూ వాడితే పోటీ సమానమే.

అప్పుడు వద్దన్నవాడే ఓడిపోతాడు. నిజంగా లోపమున్న క్రీడాకారుడికి ముందస్తు అనుమతి తీసుకునే దారి ఉంది. లోపం లేనివాడికి చీటీ రాస్తే ఆ తప్పులో నాకూ వాటా ఉంటుంది.

అందుకే “స్నేహితుడి కోసం” వచ్చినవారికి చక్కెర పరీక్ష ఒక్కటే రాస్తాను, అదీ వాళ్ల పేరు మీదే.